టీఏ ఓటు: హైలైట్స్ చదివితే యెస్ అనిపిస్తోంది, రెడ్‌లైన్ తెరిస్తే నో అనిపిస్తోంది

కుడిసీటు
అమెరికాలో ప్యాసింజర్ ఎయిర్‌లైన్, నారోబాడీ (ఒకే నడవ ఉండే విమానం) ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్. 2023 కాంట్రాక్టుల వేవ్ అయ్యాక చేరాను కాబట్టి టీఏ (యూనియన్, కంపెనీ కుదుర్చుకున్న తాత్కాలిక ఒప్పందం) మీద ఓటు వేయడం ఇదే మొదలు. కంపెనీ పేరు రాయను, మన కాంట్రాక్టుల్లో ఎక్కడైనా ప్రశ్నలు ఇవే కదా.

చేతిలో సారాంశంగా హైలైట్స్, మార్పులన్నీ గుర్తుపెట్టిన పూర్తి పాఠంగా రెడ్‌లైన్ ఉన్నాయి. మూడు విషయాలు తెలియాలి. ఒకటి, హైలైట్స్‌లో పెద్దక్షరాల్లో వేసే మొత్తం శాతాన్ని నా జీతంలోకి ఎలా మార్చుకోవాలి? రెండు, వర్క్ రూల్స్‌లో మార్పుల్ని డాలర్లలో ఎలా కొలవాలి? రేటు పెంచి అక్కడ కోస్తే పట్టుకునేదెలా? మూడు, నో గెలిస్తే మర్నాడు నిజంగా ఏం జరుగుతుంది? క్రూ రూమ్‌లో సగంమంది "మొదటి టీఏకి ఎప్పుడూ నో కొట్టాల్సిందే" అంటున్నారు. మిగతా సగం "నోటిదాకా వచ్చిన ముద్ద వదలకు" అంటున్నారు. ఈ రెండు మాటల్లో దేనికీ లెక్క కనబడలేదు.

రేట్‌టేబుల్
మొదటి ప్రశ్న వరకు నేను చెప్తాను. ఉదాహరణకి బహిరంగంగా ఉన్న డెల్టా 2023 ఒప్పందం తీసుకుందాం. 2023 మార్చి 1న 78% ఓట్లతో పాసైంది. పెంపు 18, 5, 4, 4. కూడితే 31, కానీ ఒకదాని మీద ఒకటి కాబట్టి 34%. హెడ్‌లైన్ అదే.

ఇప్పుడు నీ పాత జీతం ఏడాదికి 100 అనుకో. 2023లో 118, 2024లో 123.9, 2025లో 128.9, 2026లో 134. నాలుగేళ్ల మొత్తం సుమారు 505. పాత రేటు మీదైతే 400 వచ్చేది. అంటే ఒప్పందం నడిచిన కాలంలో చేతికి అదనంగా వచ్చింది 26%. 34 అనేది చివరి ఏడాది అంకె. అందుకే పెంపు ఎంత అనేదానికంటే ఏ ఏడాదిలో ఎంత అనేది ముందు చూడాలి. సౌత్‌వెస్ట్ 2024 ఒప్పందం చూడు: మొదట్లోనే 29.15%, తర్వాత మూడుసార్లు 4, ఆఖర్న 3.25. హెడ్‌లైన్ 50%, ఐదేళ్ల సగటు 40కి దగ్గర. ముందే ఎక్కువ పడితే హెడ్‌లైన్‌లో ఎక్కువ వాటా చేతికొస్తుంది. అది 92.7% ఓట్లతో పాసైందంటే ఆశ్చర్యం లేదు.

రెండోది, ఎక్కడినుంచి కొలుస్తున్నారు? డెల్టాలో అంతకుముందు చివరి పెంపు 2019 జనవరిలో. 2018 డిసెంబర్ నుంచి 2022 డిసెంబర్ దాకా అమెరికా వినియోగ ధరల సూచీ 251 నుంచి 297కి వెళ్లింది, అంటే 18% పెరిగింది. ఆ మొదటి 18% పెంపు మొత్తం ద్రవ్యోల్బణం తినేసిన చోటు పూడ్చడానికే సరిపోయింది. అసలు పెంపు అంటూ ఉంటే అది తర్వాతి 5, 4, 4లో వెతుక్కోవాలి, అదీ ఆ ఏళ్ల ధరలు పోగా. ఆ ఒప్పందం చెడ్డదని కాదు, నేనైతే యెస్ అనే ఉండేవాణ్ణి. కానీ "చరిత్రాత్మకం" అన్న మాట పక్కన ఈ సూచీ ఎవరూ వేయరు.

మూడోది, రెట్రో, అంటే వెనకటి తేదీకి లెక్కేసి ఇచ్చే బకాయి. మన చట్టంలో రెట్రో తనంతట తాను రాదు, బేరంలో గెలుచుకోవాల్సిందే. డెల్టాలో ఒకేసారి చెల్లింపుగా 2020 జీతంలో 4%, 2021లో 4%, 2022లో 14% ఇచ్చారు. ఏడాదికి 2 లక్షల డాలర్లు సంపాదించినవాడికి 8,000 + 8,000 + 28,000, మొత్తం 44,000. చెక్కు చూడ్డానికి బాగుంటుంది. కానీ అది రేట్ టేబుల్‌లో చేరదు, వచ్చే ఒప్పందానికి పునాది కాదు. సైనింగ్ బోనస్ పెద్దదై మొదటి ఏడాది రేటు చిన్నదైతే కంపెనీ నిన్ను ఒకసారి కొనుక్కుంటోందని అర్థం.

ఇంకోటి. శాతాల్లో ఏమేం కలిపారో అడుగు. అమెరికన్ 2023లో చెప్పిన 46%లో 401కే (రిటైర్‌మెంట్ ఖాతా) జమ కూడా ఉంది. యునైటెడ్ చెప్పిన 40.2% అన్ని విమానాలకీ కాదు, ఫ్లీట్‌ని బట్టి 34.5 నుంచి 40.2 దాకా. నీ సీటు, నీ విమానం, నీ లాంజెవిటీ (సర్వీసు) ఏడాది: ఆ ఒక్క గడి తీసుకుని లెక్క వేసుకో. మిగతా టేబుల్ నీకు అలంకారం.

పెయిరింగ్_పిచ్చి
రెండో ప్రశ్న నాది. శాతాల గొడవ అందరూ చూస్తారు, రిగ్ (బేస్‌కి దూరంగా ఉన్న గంటల్ని జీతం గంటలుగా మార్చే నిష్పత్తి) ఎవడూ చూడడు. ఒక్క ట్రిప్ విప్పి చూపిస్తాను.

నాలుగు రోజుల ట్రిప్. సోమవారం ఉదయం 9:00 రిపోర్ట్, గురువారం సాయంత్రం 5:00 రిలీజ్. బేస్‌కి దూరంగా ఉన్న సమయం సరిగ్గా 80 గంటలు. బ్లాక్ (విమానం కదిలినప్పటినుంచి ఆగేదాకా సమయం) 18:30. రోజువారీ కనీస గ్యారంటీ సగటున 5:15 అనుకుంటే నాలుగు రోజులకి 21:00. ట్రిప్ రిగ్ 1:3.5 అయితే 80ని 3.5తో భాగించాలి, 22:51. మూడింటిలో ఏది పెద్దదైతే దానికి జీతం, అంటే 22:51. ఎగిరింది పద్దెనిమిదిన్నర, జీతం దాదాపు ఇరవై మూడు. ఈ తేడానే సాఫ్ట్ టైమ్ అంటాం.

ఇప్పుడు టీఏలో ఎక్కడో ఒక పంక్తిలో 1:3.5 కాస్తా 1:3.75 అయిందనుకో. అదే ట్రిప్‌కి 21:20. పోయింది గంటా ముప్పై ఒక్క నిమిషం. నెలకి ఇలాంటివి నాలుగు ఎగిరితే ఆరు గంటల పైన, గంటకి 200 డాలర్ల రేటు మీద 1,200 దాటుతుంది. శాతంలో 6.7% కోత. దాన్ని పూడ్చడానికే రేటు 7.1% పెరగాలి. ఇంకొంచెం దిగజార్చి 1:4 చేస్తే రిగ్ 20:00కి పడిపోతుంది, అప్పుడు రోజువారీ గ్యారంటీ 21:00 నిన్ను ఆదుకుంటుంది. అందుకే ఈ రెండింటినీ కలిపి చదవాలి. ఒకటి బలహీనపడినా రెండోది గట్టిగా ఉంటే నష్టం ఆగుతుంది, రెండూ ఒకేసారి కదిలాయంటే అనుమానించు.

పని చేసే పద్ధతి ఇది: నీ గత మూడు నెలల పెయిరింగ్‌లు (నీకు వచ్చిన ట్రిప్‌లు) ప్రింట్ తీయి. ప్రతి ట్రిప్‌కీ పాత రూల్‌తో పే క్రెడిట్ (జీతం కట్టే గంటలు), కొత్త రూల్‌తో పే క్రెడిట్ పక్కపక్కన రాయి. పాత రేటు ఇంటూ పాత క్రెడిట్, కొత్త రేటు ఇంటూ కొత్త క్రెడిట్. ఒక సాయంత్రం పని. యూనియన్ వాళ్లు రోడ్‌షోలో (టీఏ వివరించే సభల్లో) స్లైడ్‌ల మీద చూపించే "సగటు పైలట్" నువ్వు కాదు.

రిజర్వ్‌లో (పిలుపు కోసం సిద్ధంగా ఉండే డ్యూటీలో) ఉంటే ఇంకో లెక్క. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నియమం పార్ట్ 117 ఇచ్చేది కనీస హద్దు మాత్రమే: షార్ట్ కాల్ (పిలిస్తే వెంటనే బయల్దేరాల్సిన) రిజర్వ్ పీరియడ్ 14 గంటలు మించకూడదు, డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి, ఏ 168 గంటల్లో అయినా వరసగా 30 గంటల ఖాళీ. "ఎఫ్‌ఏఏ రూల్ ఉందిగా" అని ఎవరైనా అంటే నమ్మకు. చట్టబద్ధం అయినంత మాత్రాన బతకగలిగేది కాదు. కాంట్రాక్టులో వెతకాల్సినవి: నెలకి ఎన్ని ఖాళీ రోజులు, వాటిలో కదపకూడనివి ఎన్ని, లాంగ్ కాల్‌ని (ఎక్కువ వ్యవధి ఇచ్చే రిజర్వ్‌ని) షార్ట్ కాల్‌గా నెలకి ఎన్నిసార్లు మార్చవచ్చు, కాల్ వచ్చాక ఎయిర్‌పోర్ట్ చేరడానికి ఎంత టైమ్. వేరే ఊరినుంచి బేస్‌కి వచ్చే కమ్యూటర్‌కి ఆ ఆఖరి అంకె ఇల్లు ఎక్కడ కొనాలో నిర్ణయిస్తుంది. రెండు గంటల కాలౌట్ అంటే బేస్ ఊళ్లో క్రాష్‌ప్యాడ్ (పడుకోవడానికి తీసుకునే గది) అద్దె కట్టాల్సిందే. ఆ అద్దె కూడా టీఏ ఖర్చులో వేసుకో.

ఇక రెడ్‌లైన్ చదివేటప్పుడు అంకెల కంటే క్రియాపదాలు చూడు. 'షల్' కొట్టేసి 'మే' పెట్టారా? 'విల్' పక్కన కొత్తగా 'నార్మల్లీ' వచ్చి కూర్చుందా? "ఆటోమేషన్ పూర్తయ్యాక అమలు" అని ఉంటే తేదీ ఉందా, తేదీ దాటితే కంపెనీకి జరిమానా ఉందా? తేదీ లేని లాభం విలువ సున్నా అని వేసుకుని మిగతాది లెక్క కట్టు. ట్రిప్ ట్రేడ్ మెరుగుదలలు ఎక్కువగా ఈ సందులోనే ఇరుక్కుంటాయి.

సెక్షన్‌ఆరు
మూడోదానికి నా సమాధానం. నో గెలిస్తే మర్నాడు ఏమీ జరగదు. అక్షరాలా ఏమీ జరగదు. మన చట్టం 1926 రైల్వే లేబర్ యాక్ట్, 1936లో ఎయిర్‌లైన్స్‌ని అందులోకి తెచ్చారు. మన కాంట్రాక్టులకి గడువు తీరదు, 'అమెండబుల్' (సవరించదగినవి) అవుతాయి. పాత కాంట్రాక్టు అలాగే నడుస్తూ ఉంటుంది, పాత రేటుతో సహా.

తర్వాత మళ్లీ బేరం. కుదరకపోతే నేషనల్ మీడియేషన్ బోర్డు, అంటే మధ్యవర్తిత్వం చేసే ప్రభుత్వ సంస్థ. మీడియేషన్‌కి కాలపరిమితి లేదు, ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. బోర్డు ఇక చాలనుకుంటేనే ఆర్బిట్రేషన్ (మూడో పక్షం తీర్పు) ప్రతిపాదిస్తుంది. ఎవరో ఒకరు కాదంటే 30 రోజుల కూలింగ్ ఆఫ్ (స్ట్రైక్ చేయకూడని విరామం). ఆ తర్వాత కూడా అధ్యక్షుడు ఎమర్జెన్సీ బోర్డు వేయవచ్చు. స్ట్రైక్ ఓటు 99% వచ్చిందని సంబరపడతారు కానీ బోర్డు తలుపు తీయకపోతే ఆ ఓటు బ్యాడ్జి లాన్యార్డ్ మీద బొమ్మ. 2010 జూన్‌లో స్పిరిట్ పైలట్లు స్ట్రైక్‌కి దిగారు, అయిదు రోజుల్లో ముగిసింది. ఇలాంటివి వేళ్ల మీద లెక్కే.

అలాగని నో పనికిరాదని కాదు. 2015 జులైలో డెల్టా పైలట్లు మొదటి టీఏని 65% నోతో తిప్పికొట్టారు. అందులో పెంపు 8, 6, 3, 3, దానికి బదులు ప్రాఫిట్ షేరింగ్‌లో కోత. 2016 డిసెంబర్‌లో రెండోది 82%తో పాసైంది: 18, 3, 3, 4, మొత్తం 30%. మొదటి 18% 2016 జనవరి నుంచే లెక్క. యునైటెడ్‌లో 2022 నవంబర్‌లో 94% నో, 2023 సెప్టెంబర్‌లో కొత్త టీఏకి 82% యెస్. పదకొండు నెలల్లోపే. మధ్యలో జరిగిందేమిటి? డెల్టా రేట్లు మార్కెట్‌ని పైకి లేపాయి. అమెరికన్ పైలట్లకైతే నో అనే అవసరం కూడా రాలేదు. యునైటెడ్ టీఏ బయటికొచ్చాక వాళ్ల కంపెనీ తనంతట తానే బిలియన్ డాలర్లకి పైగా కలిపింది, ఆగస్టులో 73%తో పాసైంది.

ఇక రెండో వైపు, ఫెడెక్స్. 2023 జులైలో 57% నో. ఆ టీఏలో రేటు పెంపు 30%. అప్పటికే సరుకు రవాణా గిరాకీ పడిపోతోంది, ఆ తర్వాత తపాలా శాఖ కాంట్రాక్టు కూడా యూపీఎస్‌కి వెళ్లింది. 2025 జులై వచ్చేసరికి, అంటే రెండేళ్ల తర్వాత కూడా, కొత్త ఒప్పందం చేతికి రాలేదు. నో అన్న కారణాల్లో న్యాయం లేదని అనను, పెన్షన్ మీద వాళ్ల కోపం అర్థమయ్యేదే. కానీ కంపెనీకి తొందర లేనప్పుడు నో చెప్తే కంపెనీ కూర్చుని టీ తాగుతుంది.

నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న "ఇది మంచి టీఏనా" కాదు. రాబోయే పన్నెండు నెలల్లో పక్క కంపెనీ రేటు పెంచబోతోందా, మన కంపెనీకి పైలట్ల కొరత ఉందా, కొత్త విమానాలు దిగుతున్నాయా. ఈ మూడూ అవునైతే నోకి బలం ఉంది.

లెఫ్ట్‌సీట్_లెక్కలు
పై మాటతో సగమే ఏకీభవిస్తాను. మార్కెట్ ఒక్కటే కాదు, ఓటరు వయసు కూడా. లెక్క చూడండి, అంకెలు ఉదాహరణకే.

జీతం 2 లక్షలు. చేతిలో ఉన్న టీఏ 20% ఇస్తుంది. నో కొడితే ఏడాది తర్వాత 24% వస్తుందనుకుందాం, రెట్రో లేకుండా. ఆగిన ఏడాదికి పోయేది 40,000. తర్వాత ప్రతి ఏడాదీ అదనంగా వచ్చేది 8,000. అసలు వెనక్కి రావడానికే అయిదేళ్లు. 62 ఏళ్ల కెప్టెన్‌కి 65లో రిటైర్‌మెంట్, మూడేళ్లే ఉంది, అందులో ఒకటి ఎదురుచూపులో పోతే మిగిలేది రెండేళ్ల లాభం, 16,000. ఆయనకి నో అంటే శుద్ధ నష్టం. 30 ఏళ్ల ఫస్ట్ ఆఫీసర్‌కి ఆ 4% ముప్పై అయిదేళ్ల పునాది, ప్రతి కొత్త ఒప్పందమూ దాని మీదే లేస్తుంది. ఆయనకి నో లాభం. ఇద్దరూ నిజాయితీగానే లెక్క వేసి ఎదురెదురు ఓట్లు వేస్తారు. క్రూ రూమ్‌లో ఒకరినొకరు ద్రోహులనుకోవడం దండగ.

రెట్రో పూర్తిగా వస్తే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, ఆగినా పోయేదేమీ ఉండదు. కాబట్టి నో ప్రచారం చేసేవాళ్లని ఒక్కటే అడుగు: రెండో టీఏలో రెట్రో వస్తుందని ఏ ఆధారంతో అంటున్నారు?

ఇంకో విషయం, ఎవరూ రాయలేదు. డబ్బు తర్వాత తెచ్చుకోవచ్చు, స్కోప్ (ఏ పని మన పైలట్లకే దక్కాలో చెప్పే భాగం) పోతే తెచ్చుకోలేం. రీజనల్ (మన పేరుతో చిన్న విమానాలు నడిపే వేరే కంపెనీల) విమానాలకి 76 సీట్లు, 86,000 పౌండ్ల బరువు అనే గీత ఉంది చూశావూ, ఎంబ్రాయర్ ఈ175-ఈ2 ఇన్నేళ్లుగా అమెరికా రీజనల్స్‌లోకి రాకపోవడానికి ఆ బరువు గీతే కారణం. టీఏలో ఆ అంకెలు ముట్టుకున్నా, జాయింట్ వెంచర్ భాగస్వామి ఎగరగలిగే వాటా పెంచినా, రేట్ టేబుల్ ఎంత మెరిసినా నా ఓటు నో. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు.

టొరంటో_తాతగారి_మనవడు
కెనడా సంగతి కూడా పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక తేలుతుంది. ఇక్కడ కెనడా లేబర్ కోడ్, గడియారం ఉంటుంది: 60 రోజుల కన్సిలియేషన్ (సయోధ్య చర్చలు), 21 రోజుల కూలింగ్ ఆఫ్, 72 గంటల నోటీసు. అందుకే ఎయిర్ కెనడా పైలట్ల టీఏ 2024 సెప్టెంబర్ 15న, గడియారం చివర్లో కుదిరింది. మొదట 26%, 2023 సెప్టెంబర్ నుంచి వెనక్కి లెక్కేసి, తర్వాత మూడుసార్లు 4%. మొత్తం 42కి కాస్త తక్కువ.

అయినా 67% యెస్‌తోనే పాసైంది. ప్రతి ముగ్గురిలో ఒకరు ఎందుకు కాదన్నారు? పెద్ద కారణం ఫ్లాట్ పే. కొత్తగా చేరినవాళ్లకి విమానంతో పనిలేకుండా నాలుగేళ్లు ఒకే స్థిర జీతం ఉండేది. దాన్ని పూర్తిగా ఎత్తేయమంటే రెండేళ్లకి తగ్గించారు. సీనియర్‌కి 26% కనబడింది, జూనియర్‌కి మిగిలిన ఆ రెండేళ్లు కనబడ్డాయి.

బ్యాలెట్‌లో ఏం అడుగుతున్నారో కూడా చదువు. 2025 ఆగస్టు స్ట్రైక్ తర్వాత అదే కంపెనీ ఫ్లైట్ అటెండెంట్లు జీతాల భాగాన్ని 99.1%తో కాదన్నారు. అయినా మళ్లీ స్ట్రైక్‌కి వెళ్లే దారి లేదు, ఆ భాగం ఆర్బిట్రేషన్‌కి వెళ్లేలా ముందే ఒప్పుకున్నారు. నో తర్వాత దారి ఎటో టీఏకి ముందు కుదిరిన పత్రాల్లోనే ఉంటుంది.

కుడిసీటు
అందరికీ థాంక్స్. పెయిరింగ్‌ల పని మొదలుపెట్టాను. మూడు నెలల్లో పదకొండు ట్రిప్‌లు, రిగ్ మారలేదు కానీ రోజువారీ గ్యారంటీ "సగటు" కాస్తా "ఒక్కో రోజుకి" అయింది. ఇది లాభమా నష్టమా? కంపెనీ రిటైర్‌మెంట్ జమ 18% అంటే కెప్టెన్ అయ్యాక కూడా మొత్తం ఖాతాలోకే వస్తుందా? సిక్ లీవ్‌లో "వెరిఫికేషన్" అనే మాట కూడా కొత్తగా కనబడింది.

పెయిరింగ్_పిచ్చి
లాభమే. సగటు లెక్కలో మొదటి రోజు 7 గంటలు ఎగిరి ఆఖరి రోజు 2 గంటలే ఎగిరితే ఆ ఎక్కువ ఈ తక్కువని మింగేస్తుంది. రెండు రోజుల ట్రిప్ అనుకుంటే 9:00, కనీసం 10:30, జీతం 10:30. రోజుకి విడిగా అయితే 7:00 + 5:15, అంటే 12:15. అదే ట్రిప్, గంటా నలభై అయిదు ఎక్కువ. అయితే బదులుగా ఏం ఇచ్చారో వెతుకు, డెడ్‌హెడ్ (డ్యూటీ మీద ప్రయాణికుడిగా వెళ్లడం) క్రెడిట్ దగ్గర మొదలుపెట్టు. సిక్ లీవ్‌లో మాత్రం ఎన్ని గంటలు దాటితే డాక్టర్ నోట్ అడుగుతారో, ఆ నోట్ ఖర్చు ఎవరిదో, వైద్య వివరాలు ఎవరి చేతికి వెళ్తాయో ఆ మూడూ భాషలో రాసి ఉండాలి. 2015లో డెల్టా టీఏ మీద కోపానికి ఇది కూడా ఒక కారణం.

రేట్‌టేబుల్
18% సంగతి. 2025 లెక్కలో కంపెనీ 401కేకి చూసే జీతం 3,50,000 డాలర్లతో ఆగిపోయేది, జమ గరిష్ఠంగా 63,000. 4,50,000 సంపాదించే కెప్టెన్‌కి 18% అంటే 81,000, మిగతా 18,000 ఎటు పోవాలో కాంట్రాక్టు చెప్పాలి. నగదుగా ఇస్తే పన్ను పడుతుంది, క్యాష్ బ్యాలెన్స్ ప్లాన్ (పెన్షన్ తరహా ఖాతా) ఉంటే అందులోకి వెళ్తుంది. పైగా ఆ ఏడాది నువ్వు వేసేదీ కంపెనీ వేసేదీ కలిపి 70,000 దాటకూడదనేది హద్దు, యాభై దాటినవాళ్ల క్యాచప్ (అదనపు జమ) మినహా. కంపెనీ 63,000 నింపేస్తే నీకు మిగిలేది 7,000 చోటు. 2 లక్షల ఫస్ట్ ఆఫీసర్‌కి ఈ బెడద లేదు: 36,000కి 2025 హద్దు ప్రకారం నీ 23,500 కలిపినా 59,500. పొంగి పొర్లిన డబ్బు గురించిన పేరా రిటైర్‌మెంట్ సెక్షన్ చివర్లో చిన్నగా ఉంటుంది, ముందు అది వెతుకు. బ్యాలెట్ తెరుచుకునేలోపు యూనియన్ డ్యూస్ బకాయి లేకుండా చూసుకో, గుడ్ స్టాండింగ్ లేకపోతే లాగిన్ దగ్గరే ఆగిపోతావు.